పెర్సీ జాక్సన్ రెండో సిరీస్‌లో ఈ రోమన్ దేవుళ్ల గొడవేంటి? ఆరీస్, మార్స్ ఒకడేనా కాదా?

బెజవాడ_మామయ్య:

అందరికీ నమస్తే. ముందే చెప్తున్నా, నేను పుస్తకాల పురుగుని కాదు, మా అక్క కూతురివల్ల ఇందులో ఇరుక్కున్నా. ఏడో క్లాసు. చదవడం దానికి కొంచెం కష్టం, అక్షరాలు తారుమారవుతాయి, ఇప్పటికీ లైను కింద వేలు పెట్టుకునే చదువుతుంది. అలాంటిది పెర్సీ జాక్సన్ (గ్రీకు దేవుడికి పుట్టిన కుర్రాడి కథ) మొదటి ఐదు పుస్తకాలూ వేసవి సెలవుల్లో లాగించేసింది, నాకూ రోజూ కథ చెప్పి చెప్పి చివరికి నన్నూ చదివించింది. బాగానే ఉంది, నేనూ ఎంజాయ్ చేశా.

ఇప్పుడు రెండో సిరీస్ మొదలెట్టాం, ది లాస్ట్ హీరో. వంద పేజీలయ్యాయి, పెర్సీ లేడు! జేసన్ అని ఎవడో బస్సులో నిద్రలేచాడు, పేరు తప్ప ఏమీ గుర్తులేదంట, దేవుళ్లని గ్రీకు పేర్లతో కాకుండా జూపిటర్, జూనో అని రోమన్ పేర్లతో పిలుస్తాడు. గ్రీకుల యుద్ధదేవుడు ఆరీస్, రోమన్లకి మార్స్ కదా, మా పిల్ల నన్ను పట్టుకుని "మామయ్యా, ఆరీస్, మార్స్ ఒకడేనా, ఒకడే అయితే రెండు పేర్లెందుకు, వేరైతే ఇద్దరికీ ఒకే అమ్మానాన్నలు ఎందుకు" అని ప్రాణం తీస్తోంది. నేను "రోమ్ వాళ్లు కాపీ కొట్టి పేర్లు మార్చేశారే" అన్నా, స్కూల్లో మాకూ అంతే చెప్పారు. అది ఒప్పుకోవట్లేదు, కాపీ కొడితే క్యారెక్టర్ ఎందుకు మారుతుంది అంటోంది. పాయింటే కదా. రైటర్ కల్పించాడా, నిజంగానే తేడా ఉందా? పెర్సీ ఎప్పుడొస్తాడో కూడా చెప్పండి, స్పాయిలర్లు మాత్రం వద్దు ప్లీజ్, ఈ థ్రెడ్ అది కూడా చదువుతుంది.

లేట్‌నైట్_రీడర్:

బ్రో పెర్సీ ఈ పుస్తకంలో రాడు, రెండోది ది సన్ ఆఫ్ నెప్ట్యూన్‌లో వస్తాడు, ఇది స్పాయిలర్ కాదు టైటిలే చెప్తోంది, నెప్ట్యూన్ అంటే పెర్సీ నాన్న, సముద్రదేవుడు పొసైడన్‌కి రోమన్ పేరు. 2010 నుంచి 2014 దాకా ఏడాదికొకటి చొప్పున ఐదు వచ్చాయి. నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు రెండో దానికోసం లైబ్రరీ సార్ వెంట పడీ పడీ తెప్పించుకున్నా. లాస్ట్ హీరో మొదటి సగం నిజంగానే సాగుతుంది, ముగ్గురు కొత్తవాళ్లు, మనకి వాళ్లమీద ఇంకా ప్రేమ పుట్టదు, కానీ లియో అనే వాడి దగ్గర ఆగండి, వాడే మిమ్మల్ని లాక్కెళ్తాడు.

పాప వేలు పెట్టుకుని చదువుతుందన్నారు కదా, ఒక మాట చెప్పాలి. ఈ కథ పుట్టిందే అలాంటి పిల్లాడికోసం. రిక్ రియోర్డన్ స్కూల్ టీచరు, వాళ్లబ్బాయికి డిస్లెక్సియా (చదవడంలో ఇబ్బంది), ఏడీహెచ్‌డీ (కుదురుగా ఉండలేకపోవడం) ఉన్నాయని తేలింది, రాత్రి పడుకునేముందు గ్రీకు కథలు చెప్పేవాడు, కథలన్నీ అయిపోయేసరికి ఇంకోటి చెప్పమంటే సొంతంగా అల్లిందే పెర్సీ. అందుకే పెర్సీకి ఇంగ్లిష్ అక్షరాలు ఎగురుతుంటాయి, బుర్ర ప్రాచీన గ్రీకుకి సెట్ అయి ఉందంటాడు. పాపకి తెలుసేమో, తెలీకపోతే చెప్పండి.

మీ ప్రశ్నకి మాత్రం నాకన్నా మాస్టారు బాగా చెప్తారు, పిలుస్తున్నా.

రిటైర్డ్_హిస్టరీ_మాస్టారు:

వచ్చానమ్మా. అమ్మాయే కరెక్టు, మామయ్యదే తప్పు. ఆ "పేర్లు మార్చేశారు" అన్న వాక్యం పాఠ్యపుస్తకాల్లో ఎన్నేళ్లుగా ఉందో, నేనూ కొన్నేళ్లు అలాగే చెప్పాను, సిగ్గుపడుతున్నాను.

ముందు ఆరీస్ సంగతి చూడండి. గ్రీకులకి యుద్ధదేవుడే గానీ వాడంటే గౌరవం తక్కువ. హోమర్ యుద్ధకావ్యం ఇలియడ్ ఐదో కాండలో డయోమెడీస్ అనే మామూలు మనిషి, ఎథీనా అనే దేవత పక్కనుండి సాయం చేస్తే, బల్లెం తీసుకెళ్లి ఆరీస్ పొత్తికడుపులో పొడుస్తాడు. వీడు తొమ్మిది పదివేలమంది ఒక్కసారి అరిచినట్టు అరిచి, దేవుళ్లుండే ఒలింపస్ కొండకి పరిగెత్తి నాన్న జ్యూస్‌కి, అంటే దేవుళ్ల రాజుకి, గాయం చూపించి ఏడుస్తాడు. జ్యూస్ ఏమంటాడు, ఇక్కడున్న దేవుళ్లందర్లోకీ నువ్వంటేనే నాకు అసహ్యం, నా పక్కన కూర్చుని మూలగకు అంటాడు. అదే కాండలో ఇంకో కథ, ఇద్దరు రాక్షస పిల్లలు ఆరీస్‌ని కంచు జాడీలో కుక్కి 13 నెలలు ఉంచారని. యుద్ధదేవుణ్ణి ఆవకాయ జాడీలో పెట్టినట్టు!

ఇప్పుడు రోమ్‌కి రండి. అక్కడ మార్స్ అంటే రోమ్ నగరాన్ని కట్టిన రోములస్‌కి తండ్రి, అంటే జాతికి మూలపురుషుడు. వాళ్ల పాత క్యాలెండర్లో సంవత్సరం ఆయన నెలతోనే మొదలు, మార్చి అంటే అదే. ఇంకో విషయం చాలామందికి తెలీదు, పొలానికి, పశువులకి చీడపీడలు రాకుండా కాపాడమని రైతు మొక్కుకునేది కూడా మార్స్‌కే, కేటో అనే రోమన్ రాసిన వ్యవసాయ గ్రంథంలో ఆ ప్రార్థన మొత్తం ఉంది. జాడీలో కుక్కించుకున్నవాడికీ ఈయనకీ పోలికేమన్నా ఉందా? గ్రీకు ఆరీస్ రౌడీ, రోమన్ మార్స్ క్రమశిక్షణ ఉన్న సేనాపతి అని ఆ రచయిత చూపించింది గాల్లోంచి రాలేదు.

ఎథీనాకి రివర్స్ జరిగింది. ఏథెన్స్‌లో ఆవిడ నగరాన్ని కాపాడే యోధురాలు. రోమ్‌లో ఆవిడకి జోడీ మినర్వా, జూపిటర్, జూనోల పక్కన పెద్ద గుళ్లో చోటు ఉంది గానీ, ఆవిడకి ఎక్కువగా మొక్కేది చేతిపనివాళ్లు, నేతగాళ్లు, పంతుళ్లు. మార్చిలో ఆవిడ పండగ, బడి పిల్లలకి సెలవు, ఆ నెల్లోనే పంతుళ్లకి ఫీజు ముట్టేదట. మా కాలంలో జీతాలు ఎప్పుడొచ్చేవో తల్చుకుంటే ఆ పండగ మనకీ ఉంటే బాగుండేదనిపిస్తుంది.

మరి ఇద్దర్నీ కలిపింది ఎవరు అంటే, ఒకరోజులో ఒకరు కలపలేదు. ఇటలీ జనానికి వాళ్ల దేవుళ్లు ముందునుంచీ ఉన్నారు, దక్షిణ ఇటలీలో గ్రీకు ఊళ్లు ఉండేవి, ఎట్రస్కన్లు అనే ఇంకో పాత ఇటలీ జాతి మధ్యలో ఉన్నారు, రాకపోకల్లో మీ ఫలానా మా ఫలానాలాంటివాడే కదా అని జతలు కుదిరాయి. క్రీ.పూ. 217లో శత్రు సేనాపతి హానిబాల్ చేతిలో చావుదెబ్బ తిన్నాక రోమ్ వాళ్లు భయపడి పన్నెండుమంది దేవుళ్లకి గ్రీకు పద్ధతిలో మంచాలు వేసి విందు పెట్టారు, మంచానికి ఇద్దరు చొప్పున. ఆ జతల్లో నెప్ట్యూన్, మినర్వా ఒక మంచం మీద.

అన్నట్టు జ్యూస్, జూపిటర్ పేర్లు ఒకదాన్నించి ఒకటి కాపీ కాదు, రెండూ ఒకే పాత మాటకి పిల్లలు. జూపిటర్‌లో 'పిటర్' అంటే తండ్రి. ఋగ్వేదంలో ద్యౌష్పితా అని ఆకాశాన్ని తండ్రిగా పిలుస్తారు, అదీ ఆ మాటే. అంటే మనకీ దూరపు చుట్టరికం ఉంది.

లేట్‌నైట్_రీడర్:

ఆగండాగండి మాస్టారూ!! నెప్ట్యూన్ మినర్వా ఒక జతా? పెర్సీ నాన్న పొసైడన్, వాడి నేస్తం ఆనబెత్ అమ్మ ఎథీనా!! పదేళ్లుగా ఈ పుస్తకాలు చదువుతున్నా ఇది నాకు తెలీదు. గ్రీకుల్లోనేమో వీళ్లిద్దరికీ ఏథెన్స్ నాది అంటే నాది అని కొట్లాట, ఒకాయన ఉప్పునీటి ఊట ఇస్తే ఈవిడ ఆలివ్ చెట్టు ఇచ్చి గెలిచింది. ఈ రాత్రి నిద్రపట్టదు నాకు.

గట్టుమీద_గంగన్న:

నేను ఇంగ్లిష్ పుస్తకాలు చదవను, మా వాడు సిరీస్ పెడితే పక్కన కూర్చుని చూశా అంతే. ఒకటి అడుగుతా ఏమనుకోవద్దు. మనకి ఇన్ని పురాణాలు ఉండగా పిల్లలకి వాళ్ల దేవుళ్లు ఎందుకండీ? మా వాడికి పన్నెండుమంది ఒలింపియన్లు వచ్చు, పాండవుల్లో నకుల సహదేవుల తల్లి ఎవరంటే కుంతి అన్నాడు.

లేట్‌నైట్_రీడర్:

గంగన్న గారూ బాధ అర్థమైంది, కానీ ఒకటి తెచ్చుకుంటే ఇంకోటి పోవాలని ఏం లేదు కదండీ. రియోర్డన్ తర్వాత తన పేరుతో ఒక ప్రచురణ శాఖ మొదలెట్టాడు, వేరే దేశాల పురాణాలతో ఆ మూలాలున్న రచయితలే రాయాలని. అందులో 2018లో వచ్చిన మొట్టమొదటి పుస్తకమే మన పాండవుల మీద, ఆరూ షా అనే అమ్మాయి కథ, రోషనీ చోక్షి రాసింది. మీ వాడికి ఇవ్వండి, మాద్రి పేరు వాడే వెతుక్కుంటాడు.

రిటైర్డ్_హిస్టరీ_మాస్టారు:

గంగన్న గారూ, మీ పేరు చూస్తే మీకు నచ్చే దేవుడొకడు గుర్తొచ్చాడు. టెర్మినస్. ఈయనకి గ్రీకుల్లో జోడీయే లేదు, అచ్చంగా రోమ్ వాడు. పని ఏంటో తెలుసా, గట్టు కాపలా. హద్దురాయే దేవుడు. ఫిబ్రవరి 23న పండగ, ఇటు పొలం ఆయన ఇటువైపునుంచి, అటు పొలం ఆయన అటువైపునుంచి వచ్చి ఒకే రాయికి చెరో దండ వేస్తారు, చెరో రొట్టె పెడతారు, ఇళ్లవాళ్లంతా కలిసి భోంచేస్తారు. ఓవిడ్ అనే కవి ఇదంతా వర్ణించాడు. జూపిటర్‌కి పెద్ద గుడి కడుతూ మిగతా చిన్న దేవుళ్లందర్నీ జరగమంటే ఈయనొక్కడే నేను జరగను అన్నాడట, చేసేదిలేక గుడి లోపలే ఉంచేసి, ఈయన ఆకాశం కిందే ఉండాలి కాబట్టి పైకప్పుకి కన్నం పెట్టారు.

గట్టుమీద_గంగన్న:

అయ్య బాబోయ్. ఇది మా ఊరి కథే కదండీ. మా నాన్నకీ పక్క పొలం ఆయనకీ జానెడు గట్టు కోసం పదకొండేళ్లు మాటల్లేవు, దున్నినప్పుడల్లా రాయి రాత్రికి రాత్రి ఒక అడుగు ఇటు నడిచేది. సర్వేయరు గొలుసు పట్టుకొచ్చి కొలిచిన రోజు మా నాన్న ఆ రాయికి పసుపు రాసి బొట్టు పెట్టి ఇక కదిలితే నీ ఇష్టం అన్నాడు, ఎవరితో అన్నాడో మాత్రం తెలీదు, రాయితోనా పక్కాయనతోనా. ఆ తర్వాత కదల్లేదు. ఆ దేవుడు వచ్చే పుస్తకం ఏదో చెప్పండి, మా వాడిచేత చదివించుకుంటా.

లేట్‌నైట్_రీడర్:

సన్ ఆఫ్ నెప్ట్యూన్ అండీ. అందులో టెర్మినస్ చేతుల్లేని విగ్రహం, ఊరి హద్దు దగ్గర నిలబడి ఆయుధాలు లోపలికి తేవద్దని అందరిమీదా అరుస్తుంటాడు, సూపర్ కామెడీ. నిజం రోమ్‌లో కూడా ఆ గీత దాటి ఆయుధాలతో వెళ్లకూడదు, దాన్ని పొమీరియం అనేవారు. మన పొలిమేరలా వినిపిస్తుంది గానీ సంబంధం లేదు, నేను ఒకసారి ఎగ్జైట్ అయిపోయి పోస్ట్ పెట్టి చీవాట్లు తిన్నా.

అదే పుస్తకంలో ఆక్టేవియన్ అనే వాడు జోస్యం కోసం టెడ్డీబేర్ల పొట్టలు కోస్తుంటాడు. పాపకి బొమ్మలంటే ఇష్టమైతే ముందే చెప్పి ఉంచండి 😅

రిటైర్డ్_హిస్టరీ_మాస్టారు:

అక్కడ చిన్న పొరపాటుంది. వాణ్ణి ఆగర్ అంటారు కదా కథలో, ఆగర్లు పొట్టలు కొయ్యరు, పక్షుల్ని చూస్తారు, మనం దసరాకి పాలపిట్టని చూసినట్టు. పేగులు, కాలేయం చూసేవాళ్లు వేరే, హరుస్పెక్స్‌లు. కోళ్లని కూడా చూసేవారు, గోదావరి వాళ్లకి కుక్కుట శాస్త్రం ఉన్నట్టు. క్రీ.పూ. 249లో క్లాడియస్ పుల్కర్ అనే సేనాపతి యుద్ధానికి ముందు ఓడమీద పవిత్రమైన కోళ్లకి గింజలు వేస్తే అవి తినలేదు, అంటే అపశకునం. ఈయన తినకపోతే తాగమనండి అని వాటిని సముద్రంలో పారేయించాడు. ఆరోజు 93 ఓడలు శత్రువుకి చిక్కాయి. పందేల్లో ఇంత నష్టం మనవాళ్లకి కూడా రాలేదు.

నాష్‌విల్_నాన్న:

ఆలస్యంగా వచ్చా. మూడో పుస్తకం పేరు మార్క్ ఆఫ్ ఎథీనా కాబట్టి ఎథీనా విగ్రహం సంగతొకటి వస్తుందని చెప్తే తప్పు లేదనుకుంటా. ఏథెన్స్‌లో పార్థెనాన్ అనే గుళ్లో ఫిడియస్ అనే శిల్పి చేసిన అసలు విగ్రహం, బంగారం, ఏనుగు దంతం, క్రీ.పూ. 438లో ప్రతిష్ఠించారు. ఒంటిమీద 40 టాలెంట్ల బంగారం, అంటే సుమారు వెయ్యి కిలోలు, అదీ విప్పేసుకునేలా అమర్చారట, యుద్ధమొచ్చి డబ్బులు కావాల్సొస్తే తీసి వాడుకుని మళ్లీ పెట్టేయొచ్చని. ఆ విగ్రహం ఇప్పుడు లేదు, చివరికి ఏమైందో చరిత్రలో తేలలేదు, కథ పుట్టింది ఆ ఖాళీలోనే.

అమెరికాలో మేముండే నాష్‌విల్‌లో పార్థెనాన్ నమూనా ఉంది, 1897 ఎగ్జిబిషన్‌కి కట్టారు, తర్వాత కాంక్రీట్‌తో మళ్లీ కట్టారు. లోపల ఎథీనా 42 అడుగులు, 1990లో పెట్టారు, 2002లో బంగారు పూత వేశారు. మా అమ్మాయి ఈ పుస్తకం చేత్తో పట్టుకుని వచ్చింది. కుడిచేతిలో నైకీ అనే విజయదేవత చిన్న బొమ్మలా కనిపిస్తుంది, ఆ చిన్న బొమ్మే ఆరడుగులపైన, నాకంటే పొడుగు. డాలు వెనకాల చుట్ట చుట్టుకున్న పాము. మా అమ్మ ఇండియానుంచి వచ్చినప్పుడు తీసుకెళ్తే గుమ్మం దగ్గరే చెప్పులు విప్పేసింది, ఇది గుడి కాదమ్మా మ్యూజియం అన్నా వినలా. కాసేపు పైకి చూసి, పాముని చూసి, "ఏ అమ్మవారైతే ఏంలే" అని దండం పెట్టుకుంది.

బెజవాడ_మామయ్య:

అందరికీ పెద్ద థాంక్స్. మొత్తం థ్రెడ్ చదివింది, వేలు పెట్టుకునే, ఫోన్‌మీద వేలు పెడితే పేజీ జరిగిపోతోందని నన్ను తిట్టుకుంటూ. నాన్న కొడుక్కోసం కథ అల్లాడన్న చోట రెండుసార్లు చదివింది, ఏమీ అనలేదు. జాడీ కథకి మాత్రం పడీ పడీ నవ్వింది, మా అమ్మ ఆవకాయ జాడీకి ఆరీస్ అని పేరు కూడా పెట్టేసింది.

కానీ మాస్టారూ మీకు ఇంకో పని పడింది. మార్చి మార్స్ నెల అన్నారు కదా, దానిమీద గూగుల్ చేసి మంగళవారం కూడా లాటిన్‌లో మార్స్ రోజేనంట, మనకీ మంగళుడి వారమే, బుధవారం వాళ్లకి మెర్క్యురీ మనకి బుధుడు, గురువారం జూపిటర్ బృహస్పతి, ఇది ఎవరు ఎవర్ని చూసి కాపీ కొట్టారు మామయ్యా అంటోంది. నేనీసారి కాపీ అన్న మాట ఎత్తలేదు.

రిటైర్డ్_హిస్టరీ_మాస్టారు:

మంచి పిల్ల! గ్రహాల పేర్లతో వారాలు గ్రీకు, రోమన్ ప్రపంచం నుంచి జ్యోతిషంతో పాటు మన దగ్గరికి వచ్చినవే. మధ్యప్రదేశ్‌లో ఏరన్ అనే ఊళ్లో స్తంభంమీద గుప్తుల కాలపు శాసనం ఉంది, క్రీ.శ. 484, అందులో గురువారం అని తేదీ పక్కన వేశారు. మిగతాది రేపు రాస్తాను, ఇవాళ కళ్లద్దాలు ఎక్కడో పెట్టి మర్చిపోయాను.