డెబియన్‌లో ఎగ్జిమ్: మాన్యువల్ చెప్పినట్టు మార్చినా సెట్టింగులు నిలవడం లేదు

ప్రశ్న

నమస్కారం. డెబియన్ (లినక్స్‌లో ఒక రకం) సర్వర్‌లో ఎగ్జిమ్4 అనే మెయిల్ సర్వర్ ప్యాకేజీని పెట్టుకుని, ఎగ్జిమ్ రూపకర్తల మాన్యువల్ చూస్తూ అమర్చుకుంటున్నాను. ఒక్క డొమైన్‌కు వెళ్లే ఉత్తరాలను మాత్రం లోపలి నెట్‌వర్క్‌లోని మరో సర్వర్‌కు పంపాలన్నది నా ఉద్దేశం. సెట్టింగుల ఫైల్ ఎక్కడుందని ఎగ్జిమ్‌నే అడిగితే, వార్-లిబ్ కింద ఉన్న కాన్ఫిగ్.ఆటోజనరేటెడ్ పేరు చూపింది. అందులో ఒక రౌటర్ (ఉత్తరం ఏ దారిన పోవాలో చెప్పే నియమం) రాశాను, అది పనిచేసింది. కానీ సర్వీసును రీస్టార్ట్ చేయగానే నేను రాసిన వరుసలన్నీ పోయాయి. తరువాత ఈటీసీలోని కాన్ఫ్.డి డైరెక్టరీలో, రౌటర్ల విభాగం కింద, అదే రౌటర్‌ను 250తో మొదలయ్యే పేరుతో విడి ఫైల్‌గా పెట్టాను. ఈసారి వరుసలు పోలేదు గానీ వాటిని ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. లోపం ఎక్కడుందో దయచేసి చెప్పగలరు.

మొదటి జవాబు

ఆ ఫైల్ పేరులోనే హెచ్చరిక ఉందండీ. ఎగ్జిమ్‌ను కంపైల్ చేసేటప్పుడే డెబియన్ వారు సెట్టింగుల ఫైల్ కోసం రెండు చోట్లు వరుసగా వెతకమని అందులో రాసి పెడతారు: మొదట ఈటీసీ-ఎగ్జిమ్4 కింద ఎగ్జిమ్4.కాన్ఫ్, అది లేకపోతే మీరు చూసిన ఆటోజనరేటెడ్ ఫైల్. ఈ రెండోదాన్ని అప్‌డేట్-ఎగ్జిమ్4.కాన్ఫ్ అనే స్క్రిప్టు, ప్యాకేజీని అమర్చినప్పుడు మీరిచ్చిన జవాబులను కలుపుకుని, సర్వీసు రీస్టార్ట్ అయిన ప్రతిసారీ కొత్తగా తయారు చేస్తుంది. ఆ జవాబులు దాచే ఫైల్‌కు అప్‌డేట్-ఎగ్జిమ్4.కాన్ఫ్.కాన్ఫ్ అని పేరు పెట్టినవారి ఓపికకు నమస్కరించాలి.

ఇక కాన్ఫ్.డి సంగతి. సెట్టింగులను చిన్న ఫైళ్లుగా విడగొట్టి ఉంచాలా, ఒకే పెద్ద మూసగా ఉంచాలా అని అమరిక సమయంలో ఒక ప్రశ్న అడుగుతుంది. ఒకే మూస అన్నట్లయితే, కాన్ఫ్.డి డైరెక్టరీ డిస్కులో కనిపిస్తున్నా స్క్రిప్టు దాని వైపు చూడదు. డీపీకేజీ-రీకాన్ఫిగర్‌తో ఎగ్జిమ్4-కాన్ఫిగ్‌ను మళ్లీ నడిపి ఆ జవాబు మార్చుకోండి.

రెండవ జవాబు

ఎగ్జిమ్ భాష బాగా తెలిసినవారు ఈ యంత్రాంగాన్ని పూర్తిగా పక్కన పెట్టవచ్చు. ఎగ్జిమ్4.కాన్ఫ్‌ను మీరే రాసి పెడితే వెతికే వరుసలో అదే ముందుంటుంది కనుక ఆటోజనరేటెడ్ ఫైల్ జోలికి ఎవరూ పోరు. అయితే ఆపైన కొత్త విడుదలలకు తగ్గట్టు మార్పులు చేసుకునే భారం కూడా మీదే అవుతుంది.

సోర్సు నుంచి సొంతంగా కంపైల్ చేసుకోవడం మాత్రం నేను సిఫారసు చేయను. 2019 జూన్‌లో బయటపడ్డ సీవీఈ-2019-10149 అనే భద్రతా లోపం ఎగ్జిమ్ 4.87 నుంచి 4.91 వరకు ఉన్న వెర్షన్లలో ఉంది; డెబియన్ 9లో ఉన్నది 4.89. డెబియన్ వారు వెర్షన్ మార్చకుండా ఆ దిద్దుబాటును మాత్రమే పాత కోడ్‌లోకి తెచ్చి విడుదల చేశారు. అందుకే వెర్షన్ అంకె మాత్రమే చూసే తనిఖీ సాధనాలు, దిద్దిన సర్వర్‌ను కూడా ప్రమాదంలో ఉన్నట్టు చూపుతాయి. ప్యాకేజీ పూర్తి సంఖ్య చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

అడిగినవారు

ధన్యవాదాలు. విడి ఫైళ్ల పద్ధతికి మారాను. తయారైన ఫైల్‌లో ఇప్పుడు నా రౌటర్ కనిపిస్తోంది, కానీ ఉత్తరాలు ఇంకా పాత దారినే బయటికి పోతున్నాయి.

మూడవ జవాబు

మీ ఫైల్ పేరులోని 250 వల్ల అలా జరుగుతోంది. విడి ఫైళ్లను పేర్ల వరుసలోనే కలుపుతారు. ఎగ్జిమ్ కూడా రౌటర్లను ఆ వరుసలోనే ప్రయత్నిస్తుంది. బయటి డొమైన్లను చూసుకునే డెబియన్ రౌటర్ 200 సంఖ్యతో ఉంది, తన తరువాత ఇంకెవరినీ అడగవద్దన్న ఆదేశం కూడా అందులో ఉంది. మీ రౌటర్ వరకు ఉత్తరం రాదు.

నిజానికి మీకు సొంత రౌటర్ అవసరమే లేదు. 150 సంఖ్యతో హబ్డ్_హోస్ట్స్ అనే రౌటర్‌ను డెబియన్ వారు సరిగ్గా ఈ పనికే పెట్టారు. ఈటీసీ-ఎగ్జిమ్4 కింద అదే పేరుతో ఒక ఫైల్ సృష్టించి, డొమైన్ పేరు, కోలన్, ఆపై లోపలి సర్వర్ పేరు ఒక్క వరుసలో రాయండి. ఒకే మూస పద్ధతిలోనూ ఇది పనిచేస్తుంది కనుక, కావాలంటే పాత జవాబుకే తిరిగి వెళ్లవచ్చు. బయటివారు ఆ డొమైన్‌కు పంపే ఉత్తరాలను కూడా మీ సర్వర్ స్వీకరించాలంటే మాత్రం, రిలే డొమైన్ల (ఉత్తరాలు తీసుకుని ముందుకు పంపడానికి మీ సర్వర్ ఒప్పుకునే డొమైన్ల) జాబితాలో దాని పేరు విడిగా చేర్చాలి.