అప్‌డేట్: షుగర్ మీటర్ చూస్తేనే టెన్షన్ అన్నాను కదా
టైప్ 2 షుగర్‌తో విసిగిపోయాను, ఇది డిప్రెషనా అని ముందు పోస్టులో అడిగాను కదా, డాక్టర్‌గారితో కూడా ఆ మాటే అనేశాను. ఆవిడ 17 ప్రశ్నల కాగితం నింపమన్నారు, డయాబెటిస్ డిస్ట్రెస్ స్కేల్ అట, అంటే షుగర్‌తో బతకడంలో మనసుకి కలిగే ఒత్తిడిని కొలిచేది. జబ్బు భారం, మందులూ తిండీ పాటించడంలో విసుగు, డాక్టర్లతో ఇబ్బంది, ఇంట్లోవాళ్ల తీరు, నాలుగూ విడివిడిగా తేలుతాయి. నాకు ఎక్కువ వచ్చింది ఇంట్లోవాళ్ల దగ్గరే (నా ప్లేటు వైపు ఆ చూపులు!). విడిగా ఇంకొన్ని అడిగి డిప్రెషన్ కాదన్నారు, కొందరికి రెండూ కలిసి ఉంటాయట. ఇప్పుడు మా ఆయన రీడింగ్ ఎంత అని అడగడం మానేసి నాతో నడకకి వస్తున్నారు. పరగడుపున 180 కనిపిస్తే ఇంకా చిరాకే, కాకపోతే ఆ అంకె పక్కన రాత్రి నిద్ర ఎలా పట్టిందో కూడా రాస్తున్నా. హెచ్‌బీఏ1సీ అంటే రెండు మూడు నెలల షుగర్ సగటు చూపే రక్త పరీక్ష, అది చేయించాక మళ్లీ చెప్తాను.