తాళాలకూ బ్యాగుకూ పెట్టాక మిగిలిన బ్లూటూత్ ట్యాగ్‌లను ఇంకెక్కడ వాడొచ్చు?

చిలకకొయ్య (ప్రశ్న):

నాలుగు ఎయిర్‌ట్యాగ్‌ల (పోయిన వస్తువులు వెతకడానికి ఆపిల్ అమ్మే చిన్న బ్లూటూత్ బిళ్లలు) ప్యాక్‌లో ఒకటి తాళాలగుత్తికి, ఒకటి బ్యాగుకు పోగా రెండు మిగిలాయి. నాది ఐఫోన్, ఇంట్లో ఇంకొకరిది ఆండ్రాయిడ్. పర్సులో పెట్టమని, సూట్‌కేసులో వేయమని అందరూ చెప్పేదే. రోజువారీ పనుల్లో అంతకు మించి ఎలా వాడొచ్చో తెలిసినవాళ్లు చెప్పండి.

మూడు సందేహాలు కూడా ఉన్నాయి. ఇనుప పనిముట్ల పెట్టెలో పెడితే దొరుకుతుందా? టీవీ రిమోట్‌కు అంటించొచ్చా, అంటిస్తే ఎలా? అందరూ వాడే వస్తువుకు పెడితే, ఎవరిదో ట్యాగ్ తమతో కదులుతోందని మిగతావాళ్ల ఫోన్లకు హెచ్చరికలు వస్తాయా?

---

దారిదీపం:

ముందుగా ట్యాగ్ ఎలా పనిచేస్తుందో చెప్తాను, దాన్నిబట్టే వాడకం తేలుతుంది. ఎయిర్‌ట్యాగ్‌లో జీపీఎస్ లేదు. అది బ్లూటూత్‌లో చిన్న సంకేతం పంపుతూ ఉంటుంది, అంతే. దారినపోయే ఐఫోన్ ఏదైనా ఆ సంకేతాన్ని అందుకుని, తానున్న చోటును దానికి జతచేసి నెట్‌వర్క్‌కు పంపిస్తుంది. చుట్టుపక్కల ఫోన్లే లేకపోతే మ్యాప్‌లో చివరిసారి కనిపించిన చోటు తప్ప ఏమీ రాదు. కాబట్టి ట్యాగ్ రెండు రకాల వస్తువులకు బాగా పనికొస్తుంది: ఇంట్లోనే ఉండి కంటికి కనిపించనివి, జనం తిరిగే చోట మనం మరిచిపోయేవి.

రెండో రకానికి అసలు బలం మ్యాప్ కాదు, "నోటిఫై వెన్ లెఫ్ట్ బిహైండ్" అన్న సెట్టింగ్. ఐఫోన్‌లో వస్తువులు వెతికే ఫైండ్ మై యాప్‌లో ఐటమ్స్‌కు వెళ్లి, వస్తువు పేరు నొక్కితే కింద ఉంటుంది. ట్యాగ్‌ను వదిలేసి మీరు దూరం వెళ్లగానే ఫోన్ చెప్తుంది. "గానే" అంటే గుమ్మం దాటిన క్షణంలోనే అని కాదు, కొన్ని నిమిషాలు పట్టొచ్చు. నడిచి వెళ్తుంటే వెనక్కి రావడం తేలికే. రైలు కదిలిపోయాక వస్తే లాభం లేదు.

చాలామంది తికమకపడేది మినహాయింపు చోట్ల (వస్తువు వదిలి వెళ్లినా హెచ్చరిక రాకూడదని మనం చెప్పే చోట్లు) దగ్గర. అవి ఒక్కో వస్తువుకు విడివిడిగా పెట్టుకోవచ్చు. గొడుగుకైతే ఇంటిని మినహాయించాలి, లేకపోతే ఎండరోజున గొడుగు ఇంట్లో వదిలి బయటికెళ్లిన ప్రతిసారీ హెచ్చరిక వస్తుంది. మందుల సంచికి సరిగ్గా దీనికి వ్యతిరేకం: ఇంటిని మినహాయించకండి. ఇన్‌హేలరో, ఇన్సులినో ఇంట్లో మరిచి వెళ్తున్నప్పుడు ఫోన్ చెప్పడమే కదా మనకు కావాల్సింది. మీ రెండు ట్యాగ్‌లలో ఒకటి దీనికే ఇవ్వమంటాను. ఇన్సులిన్‌ను ఐస్ జెల్ ప్యాక్‌తో తీసుకెళ్తే ట్యాగ్ ఆ ప్యాక్‌కు ఆనకుండా సంచి బయటి అరలో ఉండాలి. చలికి బ్యాటరీ వోల్టేజీ పడిపోతుంది, జెల్‌లోని నీరు సంకేతాన్ని మింగేస్తుంది.

ఇంకొకటి, ట్యాగ్‌ను కదలకుండా ఒకచోట ఉంచి మీరు తిరగడం. పెద్ద మైదానంలో గుడారం, సంతలో మీ బల్ల, వరుసల్లో నిలిపిన వందల సైకిళ్ల మధ్య మీది, ఇలాంటి చోట్ల ట్యాగ్ గురుతుగా ఉంటుంది. దగ్గరికొచ్చాక ప్రెసిషన్ ఫైండింగ్ తెరిస్తే బాణం గుర్తు, దూరం చూపిస్తుంది. దీనికి అల్ట్రా వైడ్‌బ్యాండ్ చిప్ ఉన్న ఐఫోన్ కావాలి: 11, ఆ తర్వాతివి. ఎస్‌ఈ లాంటి కొన్ని మోడళ్లలో ఆ చిప్ లేదు. చూపు సరిగా లేనివాళ్లకు ఇది మరీ మేలు. తెరమీదిది చదివి వినిపించే వాయిస్‌ఓవర్ ఆన్‌లో ఉంటే వస్తువు ఏ పక్క ఉందో, ఎంత దూరమో ఫోన్ పైకి చదువుతుంది.

---

రాగితీగ:

ఇనుప పెట్టె సందేహానికి: మూత పూర్తిగా మూసుకునే పెట్టెలో లోపల పెడితే దొరకడం కష్టం. బ్లూటూత్ 2.4 గిగాహెర్ట్జ్‌లో నడుస్తుంది, ఆ తరంగం పొడవు సుమారు 12.5 సెంటీమీటర్లు. మూత సందుల్లోంచి కాస్త కారుతుంది తప్ప నమ్ముకోలేం. పెట్టెకు ప్లాస్టిక్ పిడి ఉంటే దాని కింద, లేదంటే బయటివైపు రబ్బరు తొడుగులో పెట్టండి. రేకుకు నేరుగా ఆనకూడదు, మధ్యలో ఓ సెంటీమీటర్ మందాన రబ్బరో, ఫోమో ఉండాలి. లోహం మరీ దగ్గరైతే యాంటెన్నా శ్రుతి తప్పుతుంది. పెట్టాక పరీక్ష: మూత మూసి, ఐదు మీటర్లు వెళ్లి, "ప్లే సౌండ్" నొక్కండి. మూడుసార్లలో మూడుసార్లూ మోగితేనే ఆ చోటు ఖాయం చేసుకోండి.

అంటించడంలో ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటుంది. ఎయిర్‌ట్యాగ్‌కు ప్రత్యేకంగా స్పీకర్ రంధ్రాలు ఉండవు. లోపలి కాయిల్ ఆ తెల్లటి ప్లాస్టిక్ డొప్పనే కదిలించి చప్పుడు చేస్తుంది, యాంటెన్నాలూ ఆ వైపే ఉంటాయి. తెల్లవైపు జిగురు పూసి దేనికైనా అతికిస్తే చప్పుడు నొక్కుకుపోతుంది. పోనీ స్టీలు వైపు అతికిస్తే బ్యాటరీ మూత తిప్పలేరు. అందుకే ట్యాగ్‌ను కాకుండా దాని తొడుగును అంటించాలి, స్టీలు వైపు వస్తువు మీదకు, తెల్లవైపు బయటికి. అంటించే చోటును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక రెండువైపులా జిగురున్న ఫోమ్ టేపు వేసి 30 సెకన్లు గట్టిగా అదమండి. ఒక రోజంతా కదపకుండా వదిలేస్తేనే పట్టు నిలుస్తుంది. సిలికాన్ తొడుగు మాత్రం వద్దు, దానికి మామూలు టేపు అంటుకోదు. గట్టి ప్లాస్టిక్‌ది చూడండి.

సైకిల్‌కైతే సీటు కింద, లేదా నీళ్ల సీసా పట్టీకీ ఫ్రేముకీ మధ్య బిగించే హోల్డర్‌లో. హ్యాండిల్ గొట్టంలోకి దూర్చితే దొంగ కంటపడదు నిజమే, మీ ఫోన్‌కూ వినిపించదు.

మడత గొడుగుకు పిడి దగ్గరి తాడుకు కట్టండి. బట్టలో చుడితే తడిసినప్పుడు సంకేతం బాగా తగ్గుతుంది. వానకు ట్యాగ్‌కు ఏమీ కాదు, ఐపీ67 అంటే మీటరు లోతు నీళ్లలో 30 నిమిషాల వరకు తట్టుకుంటుంది. వాషింగ్ మెషిన్‌లోని సబ్బు, వేడినీళ్లకు ఆ హామీ వర్తించదు.

---

బొత్తాంసెల్:

బ్యాటరీ గురించి ఎవరూ ఎత్తలేదు. లోపలిది సీఆర్2032, 3 వోల్టుల బొత్తాం సెల్. మామూలు వాడకంలో ఏడాది పైచిలుకు వస్తుంది. మాటిమాటికీ మోగించినా, ప్రెసిషన్ ఫైండింగ్ ఎక్కువ వాడినా త్వరగా అయిపోతుంది. రిమోట్‌కు పెడితే రోజూ మోగిస్తారు కాబట్టి ఓ సెల్ ముందే కొనిపెట్టుకోండి.

మార్చడం: స్టీలు మూతను రెండు బొటనవేళ్లతో అదిమి, గడియారం ముల్లుకు ఎదురుదిశలో ఆగేదాకా తిప్పండి. పాత సెల్ తీసి, కొత్తది ప్లస్ గుర్తు మీవైపు ఉండేలా పెట్టండి. పెట్టగానే చిన్న రాగం వినిపించాలి. వినిపిస్తే మూతకున్న మూడు కొక్కేలను మూడు గాడుల్లో కూర్చోబెట్టి ముల్లు దిశలో తిప్పేయడమే.

రాగం రాకపోతే ట్యాగ్ పాడైందనుకోకండి. పిల్లలు మింగకుండా చేదు పూత పూసిన సెల్స్ ఉంటాయి. ఆ పూత ట్యాగ్‌లోని స్పర్శ ముక్కలకు అడ్డుపడితే కరెంటు అందదు. ఆపిల్ కూడా ఈ మాట చెప్తోంది. పూత లేని సెల్ వేస్తే సరి.

ఇక పిల్లల బొమ్మలో ట్యాగ్ కుట్టేయమని సలహాలు కనిపిస్తుంటాయి. దయచేసి వద్దు. ఈ మూతకు స్క్రూ లేదు, అదిమి తిప్పితే వచ్చేస్తుంది. మింగిన బొత్తాం సెల్ గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేయగలదు. అందులోనూ 20 మిల్లీమీటర్ల వెడల్పున్న 2032 రకమే ఎక్కువగా ఇరుక్కుంటుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో బొమ్మకు పెట్టక తప్పదనుకుంటే స్క్రూతో బిగించే డబ్బా తొడుగు వాడండి.

కారులో దాచాలంటే డ్యాష్‌బోర్డు మీద కాదు, సీటు కింద. ట్యాగ్ 60 డిగ్రీల సెల్సియస్ వరకే తట్టుకుంటుంది, ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు దాన్ని దాటిపోతుంది.

---

గూడుబల్ల:

మూడో సందేహం నేను తీసుకుంటాను. ఐఓఎస్ 17 నుంచి ఒక ఎయిర్‌ట్యాగ్‌ను మరో ఐదుగురితో పంచుకోవచ్చు. ఐటమ్స్‌లో వస్తువు తెరిచి "షేర్ దిస్ ఎయిర్‌ట్యాగ్" కింద "యాడ్ పర్సన్" నొక్కాలి. పంచుకున్నవాళ్లకు వస్తువు ఎక్కడుందో కనిపిస్తుంది, "గుర్తుతెలియని ట్రాకర్" హెచ్చరిక రాదు. నిచ్చెన, డ్రిల్లు, ప్రొజెక్టర్ లాంటివి పదిమంది చేతులు మారే చోట ఇది చాలా బాగుంటుంది. "ఎవరి దగ్గరుంది?" అని ఫోన్లు చేసుకునే పని తప్పుతుంది.

ఆండ్రాయిడ్‌వాళ్లను మాత్రం చేర్చలేరు. ఇంట్లోంచి కదలని వస్తువైతే ఇబ్బందేం లేదు. మీరు వెంట లేకుండా వాళ్లు దాన్ని బయటికి తీసుకెళ్తేనే వాళ్ల ఫోన్ హెచ్చరిస్తుంది. 2024 మే నుంచి ఆపిల్, గూగుల్ ఉమ్మడి ప్రమాణం ప్రకారం ఐఓఎస్ 17.5, ఆండ్రాయిడ్ 6.0, వాటి తర్వాతివన్నీ ఒకరి ట్యాగ్‌లను ఇంకొకరు పసిగడతాయి. వాళ్లు ఎక్కువగా మోసుకెళ్లే వస్తువుకు గూగుల్ ఫైండ్ హబ్‌కు (ఆండ్రాయిడ్‌లో ఫైండ్ మై లాంటిది) జతయ్యే ట్యాగ్ తీసుకోండి. రెండు నెట్‌వర్క్‌లకూ పనికొచ్చే చిపోలో పాప్ లాంటివీ ఉన్నాయి, కాకపోతే ఒకేసారి రెండింటికీ జతచేయలేరు.

ఫైండ్ హబ్‌లో ఒక సెట్టింగ్ మార్చుకోవాలి. "ఫైండ్ యువర్ ఆఫ్‌లైన్ డివైసెస్" కింద మామూలుగా "రద్దీ చోట్ల మాత్రమే" అన్న అర్థం వచ్చేది ఎంపికై ఉంటుంది. అలా ఉంటే పలు ఫోన్లు కలిసి చూసినప్పుడే మీ ఫోన్ ఆ సాయంలో పాలుపంచుకుంటుంది. "ఇన్ ఆల్ ఏరియాస్" అని మారిస్తే జనం పలచగా ఉన్న చోటా పనిచేస్తుంది. మీరొక్కరే మార్చుకుంటే చాలదు, చుట్టూ ఉన్నవాళ్లూ మార్చుకుంటేనే ఫలితం బాగుంటుంది. మీవాళ్లకు చెప్పండి.

సైకిల్ దొంగల విషయంలో రాగితీగ గారి మాటకు ఒకటి కలపాలి. ఆ హెచ్చరికలు దొంగ ఫోన్‌కూ వెళ్తాయి. పైగా యజమానికి దూరమైన ఎయిర్‌ట్యాగ్ 8 నుంచి 24 గంటల మధ్య ఎప్పుడో ఒకప్పుడు కదిపినప్పుడు దానంతటదే మోగుతుంది. అందుకని స్పీకర్ పీకేసేవాళ్లున్నారు, ఆ పని చేయకండి. మనుషుల్ని రహస్యంగా వెంటాడకుండా ఉన్న అడ్డుకట్టల్లో అదొకటి. దొంగతనం తెలిసిన మొదటి గంటల్లోనే స్థానం చూసి పోలీసులకు ఇవ్వడం వరకే ట్యాగ్ పని, తాళానికి బదులు కాదు.

పిల్లికి, కుక్కకు కూడా అంతే. ఇంట్లో, పెరట్లో ఏ మూల దాక్కుందో మోగించి పట్టుకోవచ్చు. పొలాల్లోకి పరిగెత్తితే జీపీఎస్ పట్టీయే దిక్కు.

---

ఇసుకగడియారం:

నెట్‌వర్క్ ఏదీ అక్కర్లేని చవక బొత్తాం ట్యాగ్‌లను కూడా తీసిపారేయక్కర్లేదు. ఐట్యాగ్ పేరుతో దొరికేవి. ఫోన్‌తో సంబంధం తెగగానే ట్యాగూ ఫోనూ రెండూ మోగుతాయి. కళ్లజోడు పెట్టెకు పెడితే బల్ల మీద వదిలి దూరం వెళ్లినప్పుడు పిలుస్తుంది. వాటి సొంత యాప్‌లు ఎక్కువ శాతం బాగుండవు. బ్లూటూత్ పరికరాలను పరీక్షించే ఎన్‌ఆర్‌ఎఫ్ కనెక్ట్ యాప్‌లో కనెక్ట్ చేసి, ట్యాగ్‌ను మోగించే 1802 నంబరు సర్వీసులో 02 రాస్తే గట్టిగా, 01 రాస్తే మెల్లగా మోగుతుంది, 00 రాస్తే ఆగుతుంది. ఒకసారికి ఒక్క ఫోన్‌తోనే కనెక్ట్ అవుతాయని గుర్తుంచుకోండి.

గదికొక ఈఎస్‌పీ32 బోర్డు (వైఫై, బ్లూటూత్ ఉన్న చిన్న సర్క్యూట్) పెట్టి, దాని మీద ఈఎస్‌ప్రెసెన్స్ అనే సాఫ్ట్‌వేర్ నడిపితే ఇలాంటి ట్యాగ్ ఏ గదిలో ఉందో ఇంట్లోని స్మార్ట్ పరికరాలను నడిపే హోమ్ అసిస్టెంట్‌లో తెలుస్తుంది. ఎయిర్‌ట్యాగ్‌తో ఇది కుదరదు. అది తన బ్లూటూత్ చిరునామాను మారుస్తూ ఉంటుంది కాబట్టి బోర్డులు గుర్తుపట్టలేవు.

---

చిలకకొయ్య:

చాలా థాంక్స్ అండి. ఒకటి మందుల సంచికి ఖాయం, ఇంటిని మినహాయించకుండా. రెండోది రిమోట్‌కే. దాని వీపు మీద ఎక్కడ అంటించాలి? బల్ల మీద పెడితే ఊగకూడదు.

---

రాగితీగ:

ట్యాగే 8 మిల్లీమీటర్ల మందం, తొడుగుతో కలిపి ఇంకాస్త. మధ్యలో అంటిస్తే ఊగుతుంది. బ్యాటరీ మూత మీద అంటిస్తే సెల్స్ మార్చినప్పుడల్లా అడ్డం. మూతకు పైన, టీవీవైపు ఉండే కొసకు దగ్గరగా అంటించండి. రిమోట్ ఆ కొస ఎత్తుగా, రెండో కొస బల్లకు ఆని స్థిరంగా కూర్చుంటుంది. ముందంచున ఉన్న ఇన్‌ఫ్రారెడ్ బల్బుకు మాత్రం తొడుగు అడ్డురాకూడదు. రిమోట్ వెడల్పు ముందే కొలుచుకోండి: ట్యాగే 32 మిల్లీమీటర్లు, తొడుగుతో 36 దాకా పోతుంది. అంతకన్నా సన్నటి రిమోట్ అయితే పర్సుల్లో పెట్టే కార్డు ట్యాగ్‌లూ అక్కడ పట్టవు. అలాంటప్పుడు కింది కొసకు చిన్న తాడు కట్టి, తాళాల రింగు తొడుగులో వేలాడదీయండి.