బెగోనియా మసోనియానా: కొత్త ఆకుల అంచులే ఎందుకు మాడుతున్నాయి?

ఆకు మధ్యలో ముదురు గోధుమరంగు శిలువ గుర్తు ఉండే కుండీ మొక్క ఇది. పాత ఆకులు నిక్షేపంలా ఉన్నాయి. కొత్తగా విచ్చుకునేవే అరచేతిలో సగం పెరగకముందే అంచు ఎండి, పెళుసుబారి, లోపలికి ముడుచుకుంటున్నాయి.

కుండీ లోతు తక్కువ, వెడల్పు 12 సెం.మీ. కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) 2 పాళ్లు, పెర్లైట్ (మట్టిని గుల్లగా ఉంచే తేలికైన తెల్ల గుళికలు) 1, ఆకుల ఎరువు 1. పైన అంగుళం మేర ఆరాకే నీళ్లు, అదీ ఆకుల మీద పడకుండా. నేరుగా ఎండ తగలదు. గదిలో తేమ 50 శాతం పైనే. 20-20-20 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండేది) లీటరుకి అర గ్రాము, రెండు వారాలకోసారి.

మట్టి మీద పాకే కాండం గట్టిగా ఉంది, వేర్లు తెల్లగా ఉన్నాయి, కాబట్టి కుళ్లు కాదు. బూడిద తెగులు పొడి కూడా లేదు.

నా అనుమానం కోకోపీట్ మీదే. సరిగ్గా కడగని పీచులో సోడియం, పొటాషియం ఎక్కువుంటాయి, కాల్షియం అందనివ్వవు. కాల్షియం పాత ఆకుల నుంచి కొత్తవాటికి కదలదు కనుక దెబ్బ చిగురుకే తగులుతుంది. కుండీ అంచున తెల్లటి పొర కూడా కడుతోంది. కానీ మామూలు భూతద్దానికి అందని సన్న నల్లి (మొక్క రసం పీల్చే అతి చిన్న పురుగు, మైట్) కూడా చిగుళ్లనే ముడిచేస్తుంది, అదే తేల్చుకోలేకపోతున్నాను.

తెలిసినవాళ్లు చెప్పండి: కుండీకి నాలుగైదింతల మంచినీళ్లు పోసి లవణాలు కడిగేస్తే చాలా, మిశ్రమమే మార్చాలా? కాల్షియం నైట్రేట్ ఏ మోతాదులో ఇవ్వాలి? నల్లే అయితే, ఈ గరుకు నూగు ఆకులు గంధకం పిచికారీని తట్టుకుంటాయా? ఆకు అడుగున ఏ గుర్తు చూసి కాల్షియం లోపాన్నీ, నల్లినీ వేరు చేస్తారు?