ఊరి నీళ్లు ఉప్పయ్యాయి: 300 అడుగుల బోరు వేద్దామా, ఇసుక దిబ్బను కాపాడుకుందామా?

తీరంవాసి:
మాది నెల్లూరు జిల్లా, అల్లూరు వైపు. సముద్రానికి రెండు కిలోమీటర్ల లోపల ఊరు. తాగునీటి ఫిల్టర్ పాయింట్ (ఇసుకలోకి దించిన లోతు తక్కువ బోరు) ఈ వేసవిలో ఉప్పు తిరిగింది. నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటర్ పెడితే లీటరుకు 2,400 మిల్లీగ్రాములు చూపించింది. వేరే నీళ్లు దొరకని చోట కూడా 2,000 దాటకూడదు. పంచాయతీలో రెండు మాటలు నడుస్తున్నాయి. 300 అడుగుల బోరు వేద్దామని కొందరు. ఊరికి తూర్పున ఉన్న ఇసుక దిబ్బను చదును చేయడం ఆపి, పాత దొరువులు (ఇసుకలో తవ్విన లోతు తక్కువ నీటి గుంతలు) బాగుచేద్దామని కొందరు. నేను రెండో వైపు. సముద్రం పెరుగుతోంది, ఇక మన చేతుల్లో ఏముంది అనేవాళ్ల మాట నాకు మింగుడుపడడం లేదు. మీరేమంటారు?

గుంటల రైతు:
తమ్ముడూ, ఎటు తిరిగినా ఈ మాట చివరికి రొయ్యల గుంటల దగ్గరే ఆగుతుంది, వాటి ఉప్పునీళ్లే భూమిలోకి ఊరాయంటారు. అందుకే ముందే చెబుతున్నా. నాకు నాలుగెకరాల గుంటలున్నాయి. వరి పెట్టి అప్పులపాలైన ఇంట్లో పిల్లల్ని చదివించింది ఆ గుంటలే. వానల తీరు మారింది, అది చూడండి. 2015 నవంబర్‌లో చూశాం, 2021 నవంబర్‌లో చూశాం. పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్టే కోసుకుపోయింది. నెల వాన మూడు రోజుల్లో పడి సముద్రంలో కలిస్తే భూమిలోకి దిగేదెంత? పైన నీళ్లు లేనప్పుడు లోతుకు పోక ఏం చేస్తాం?

మెట్ట రైతు, కనిగిరి:
మా కనిగిరి మెట్టలో నేల వేరు, అంతా రాయి. నీళ్లు తగ్గిన ప్రతిసారీ లోతుకే పోయాం. రాతిలోని ఫ్లోరైడ్ కరిగిన నీళ్లు తాగి మా పెద్దవాళ్ల నడుములు వంగిపోయాయి. లోతున నీళ్లు పడ్డాయని సంబరపడకండి, ఏం నీళ్లో చూడండి. నేను చెప్పేది అంతే.

నీటిమట్టం:
ముప్పై ఏళ్లు భూగర్భజలాల పనిలో తిరిగినవాణ్ని. ఒక లెక్క చెబుతాను, ఓపికగా చదవండి.

లీటరు మంచినీళ్లు 1,000 గ్రాములైతే, లీటరు సముద్రపు నీళ్లు సుమారు 1,025 గ్రాములు. ఆ 25 గ్రాముల తేడా వల్లే ఇసుకలో మంచినీళ్లు ఉప్పునీళ్ల మీద తేలుతూ ఉంటాయి. వెయ్యిలో 25 అంటే నలభయ్యో వంతు. మన నీటిమట్టం సముద్రమట్టం కంటే ఒక అడుగు ఎత్తున ఉంటే, ఆ బరువుకు ఉప్పు 40 అడుగుల కిందికి అణిగి ఉంటుంది. మోటార్లతో తోడి ఆ ఒక్క అడుగూ దించామా, ఉప్పు 40 అడుగులు పైకి రావడానికి చూస్తుంది. ఏళ్లు పట్టొచ్చు. వచ్చాక వెనక్కి పంపడానికి అంతకంటే ఎక్కువ ఏళ్లు పడుతుంది.

ఇక సముద్రం సంగతి. ప్రపంచ సగటున ఏడాదికి 3 నుంచి 4 మిల్లీమీటర్లు పెరుగుతోంది. 1993 నుంచి ఉపగ్రహాలు కొలుస్తున్నాయి. ముప్పై ఏళ్లకు బెత్తెడు. దాన్ని నేను చిన్నదనను, రేపు తుఫాను ఉప్పెన వచ్చినా ఆ బెత్తెడు మీదెక్కే వస్తుంది. కానీ మోటార్లు ఒక్క వేసవిలోనే నీటిమట్టాన్ని అడుగుల లెక్కన దించుతాయి. మన ఫిల్టర్ పాయింట్ ఉప్పయిందంటే నా అనుమానం ముందు మోటార్ల మీదే.

దిబ్బ గురించి. తీరం వెంబడి వరుసలుగా ఉన్న ఈ దిబ్బలు ఒకప్పటి సముద్రపు ఒడ్డులు. సుమారు 6,000 ఏళ్ల కిందట సముద్రం ఇంకా లోపలికి ఉండేది. పెన్న తెచ్చిన ఇసుకతో ఒడ్డు తూర్పుకు జరిగే కొద్దీ ఒక్కో దిబ్బ మిగిలింది. మధ్య పల్లాల్లో ఆనాటి బంకమట్టి, దానిలో ఆనాటి ఉప్పు. మీ 300 అడుగుల బోరు ఇలాంటి పొరల్ని దాటుకుని పోవాలి. కింద మంచినీళ్లు ఉండొచ్చు, లేవని నేననను. పైపు చుట్టూ సిమెంటుతో గట్టిగా మూయకపోతే పై ఉప్పు బోరు వెంటే కిందికి దిగి వాటినీ పాడుచేస్తుంది.

వానల గురించి గుంటల రైతుగారి మాట నిజం. అందుకే దిబ్బ కావాలంటున్నా. మనకు ఏడాది వానలో సగానికి పైగా పడేది ఈశాన్య రుతుపవనాల్లో. కుండపోత వాన నల్లరేగడి మీద పడితే పారిపోతుంది, ఇసుక మీద పడితే దిగిపోతుంది. ఊరికి ఎత్తున నిలబడే మంచినీళ్లు దిబ్బ కడుపులో ఉన్నాయి. దిబ్బను మూడడుగులు చెక్కితే ఆ ఎత్తు తగ్గుతుంది. పైన చెప్పిన నలభై రెట్ల లెక్క అక్కడా పనిచేస్తుంది.

కొత్తపట్నం కోడలు:
మా అత్తగారింట్లో దొరువు ఉండేది. మనిషి లోతు గుంత, పక్కన మెట్లు. కడవలతో ముంచి మిరప నారుకు పోసేవాళ్లం. అడుగుదాకా తోడొద్దని మా అత్త గట్టిగా చెప్పేది, కిందివి ఉప్పని ఆమెకు తెలుసు. తెల్లారేసరికి మళ్లీ ఊరేవి. బాపట్ల పరిశోధన కేంద్రం వాళ్లు దాన్నే మెరుగుపరిచారు. ఇసుకలో రంధ్రాల పైపులు అడ్డంగా పరిచి, మధ్య బావిలోకి నీళ్లు చేర్చి, నిదానంగా తోడతారు. పైపొర నీళ్లే వస్తాయి.

గుంటల రైతు:
దొరువుతో ఊరంతటికీ నీళ్లు సరిపోతాయా అమ్మా? 300 గడపలు. పైగా ఆ ఉప్పు నా గుంటదా, సముద్రానిదా, ఎవరు తేలుస్తారు? నా గుంట అడుగున బంకమట్టి ఉంది.

నీటిమట్టం:
తేల్చవచ్చు. ఉప్పు గుంట నుంచి ఊరితే పైన ఎక్కువ, లోతుకు పోయే కొద్దీ తక్కువ ఉంటుంది. సముద్రం నుంచి వస్తే కిందనే ఎక్కువ. ఒకే చోట మూడు లోతుల్లో నీళ్లు తీస్తే చాలావరకు తెలుస్తుంది. భూమిలోకి కరెంటు పంపి చూసే రెసిస్టివిటీ సర్వే కూడా ఉంది, ఉప్పునీళ్లున్న చోట కరెంటు తేలిగ్గా పోతుంది. బోరు ఖర్చులో అది చిన్న భాగం. నీళ్లు సరిపోతాయా అన్న ప్రశ్న మాత్రం న్యాయమైనది. తాగడానికి, వంటకు సరిపోవచ్చు. అన్ని అవసరాలకూ అంటే నేను మాటివ్వలేను.

గుంటల రైతు:
నా గుంట పక్కన పంపు ఉంది. అక్కడ కూడా తీసుకోండి. ఉప్పు కిందిదే, నా గుంటది కాదని తేలితే మాత్రం బోరు సంగతి మళ్లీ మాట్లాడదాం, నేనింకా వదల్లేదు.

తీరంవాసి:
సరే అన్నా. ఆదివారం పొద్దున ఆరింటికి, మోటార్లు వేయకముందే మొదలుపెడదాం. నీళ్లు ఎంత లోతున ఉన్నాయో కొలవడానికి తాడు, రాయి నేను తెస్తా. మీరు సీసాలు తీసుకురండి, పట్టే నీళ్లతోనే రెండుసార్లు కడిగి పట్టాలి. ఇదే పని నవంబర్ వానల తర్వాత ఇంకోసారి చేయాలి.