స్కూల్లో పుట్టినప్పటి ఫొటో అడిగారు, మా దగ్గర లేదు

నిజాంపేట్ అమ్మ:
అందరికీ నమస్తే. ఈ దత్తత గ్రూపులో ఇన్నాళ్ళూ చదవడమే గానీ ఎప్పుడూ రాయలేదు, ఇవాళ రాయక తప్పట్లేదు. మా పాపని 2021 జనవరిలో దత్తత తీసుకున్నాం, అప్పటికి దానికి తొమ్మిది నెలలు, ఇప్పుడు యూకేజీ. శుక్రవారం డైరీలో చీటీ అంటించి పంపారు, "నేను, నా కుటుంబం" అని ఛార్టు చెయ్యాలంట, పుట్టినప్పటి ఫొటో ఒకటి, మొదటి బర్త్‌డేది ఒకటి, ఇప్పటిది ఒకటి. బుధవారానికల్లా ఇవ్వాలి.

మా దగ్గరున్న మొట్టమొదటి ఫొటో అంటే రిఫరల్ (ఫలానా పాప మీకు అని చూపించడం) వచ్చినప్పుడు కారా (దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) పోర్టల్‌లో కనిపించిందే. గుండు, భుజాల మీంచి జారిపోతున్న తెల్లగౌను, అప్పుడే ఏడుపాపిన మొహం. పక్కనుంచి ఎవరో ఆయా పట్టుకుని కూర్చోబెట్టినట్టున్నారు, ఆవిడ మొహం పడలేదు, ఆకుపచ్చ మట్టిగాజులేసుకున్న చెయ్యి మాత్రం మోచేతి దాకా కనిపిస్తుంది. ఆ రాత్రి ఆ ఫొటోని జూమ్ చేసి చేసి చూసుకున్నాం, కానీ అది ఛార్టు మీద అంటిస్తే ఎన్ని ప్రశ్నలొస్తాయో కదా.

మా అత్తయ్యగారేమో ఆడపడుచు కూతురి పసికందు ఫొటో అంటించెయ్, ఆ వయసులో పిల్లలంతా ఒకేలా ఉంటారు, ఎవరు చూడొచ్చారు అంటున్నారు. ఆయనేమో ఇంకాస్త పెద్దదయ్యాక నెమ్మదిగా చెప్దాంలే అంటారు. హోమ్ స్టడీకి, అంటే దత్తతకి ముందు మా ఇల్లూ వాకిలీ చూడ్డానికి, వచ్చిన సోషల్ వర్కర్ మేడమ్ ఆ రోజే అడిగారు, పాపకి చెప్తారు కదా అని, ఇద్దరం గబగబా తలూపేశాం. నేను ఒకట్రెండుసార్లు "నిన్ను మేం వెళ్ళి తెచ్చుకున్నాం" అన్నాను గానీ డీమార్ట్ నుంచి తెచ్చుకున్నట్టు అనుకుందో ఏమో, సరే అని ఆడుకోడానికి వెళ్ళిపోయింది. మీరంతా ఎప్పుడు చెప్పారు, ఏ మాటలతో చెప్పారు? ఛార్టు సంగతేం చెయ్యమంటారు?

బఠానీల బుట్ట:
ముందు ఆ ఆడపడుచు కూతురి ఫొటో ఆలోచన మానెయ్యండి దయచేసి. రేపు ఆల్బమ్‌లో అదే ఫొటో చూసి ఇది వదిన కదా అంటుంది, అప్పుడు రెండు సంగతులు చెప్పాల్సొస్తుంది, దత్తత సంగతొకటి, అబద్ధం సంగతొకటి.

మా అమ్మాయికి పదకొండేళ్ళు. అర్థంకాని వయసులోనే మొదలుపెట్టా నేను, నూనె రాసి కాళ్ళ మీద పడుకోబెట్టుకున్నప్పుడు, "ఒక రైలు ఎక్కాం, నాన్న బ్యాగు మర్చిపోయాడు, అక్కడికెళ్తే నువ్వు నిద్రపోతున్నావు, లేపద్దు అన్నారు, గంటన్నర బెంచీ మీద కూర్చున్నాం" అని. అది బ్యాగు దగ్గర నవ్వేది. అలా చెప్పగా చెప్పగా ఏదో ఒకరోజు కూర్చోబెట్టి చెప్పాల్సిన పని రాలేదు. నిజానికి నాకు చెప్పడం రావడం కోసం కూడా అది పనికొచ్చింది, మొదట్లో ఆ మాటంటేనే గొంతు పట్టేసేది, పసిదాని ముందు తడబడినా పర్లేదు కదా.

నేను చేసిన తప్పు కూడా చెప్తా. వచ్చిన రోజు అని ప్రతి ఏడాదీ కేకు, బెలూన్లు, చుట్టాలు. ఏడో ఏడు కేకు ముందు నిలబడి "అమ్మా ఈ రోజు నాకు ఏడుపొస్తుంది, నాకు వద్దు" అంది. మనకి పండగే, దానికి అదే రోజు ఇంకేదో పోయింది కూడా అని నా బుర్రకి తట్టనే లేదు. ఆపేశాం. ఇప్పుడు ఆ రోజు దానికిష్టమైన సేమ్యా చేస్తా, ఏమీ అనను.

మాటల విషయానికొస్తే "అసలు అమ్మ" అనకండి, కన్నమ్మ అనండి. "వదిలేశారు" అనొద్దు. ఎందుకిచ్చేసింది అని అడుగుతుంది, ఖాయంగా అడుగుతుంది, ఫైల్‌లో లేకపోతే "నాకూ తెలీదు రా" అని చెప్పండి, మీరు కథ అల్లితే పట్టుకుంటారు వాళ్ళు. ఇంకోటి, టీచర్‌తో ఒక్క ముక్క మాట్లాడండి, పుట్టినప్పటిది బదులు చిన్నప్పటి ఫొటో ఏదైనా అని పెడితే సరిపోతుంది, అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్లలూ ఉంటారు క్లాసులో.

చాయ్ రస్కు:
అందరూ ఏమనుకున్నా సరే, అంత పసిదానికి ఇవన్నీ అవసరమా అండి? యశోదమ్మ కృష్ణుడికి చెప్పిందా? పెంచిన ప్రేమే ప్రేమ, తెలిస్తే మనసు విరిగిపోతుంది.

చీకటి మావిడి:
చాయ్ రస్కు గారూ, యశోదమ్మకే తెలీదండీ, నిద్రపోతుంటే మార్చేశారు. మీకు తెలిసి దాచడం వేరు.

నాకు 31. నేను దత్తుణ్ణి అని 22 ఏళ్ళప్పుడు తెలిసింది. ఎలాగో చెప్తా. మా నాన్న పోయిన రోజు, అంబర్‌పేట్ శ్మశానంలో, తలకొరివి ఎవరు పెట్టాలి అని మా పెదనాన్న పక్కకి వెళ్ళి ఏదో గొణుగుతున్నారు. నేను కుండ భుజాన పెట్టుకుని తడిబట్టల్తో నిలబడి ఉన్నా. పంతులుగారు గట్టిగా "దత్తుడికి పూర్తి హక్కుందండీ, మీకు సందేహం అక్కర్లేదు" అన్నారు. పాపం నా తరఫునే మాట్లాడాడాయన. ఆ మాటతోనే నాకు తెలిసింది. చుట్టూ ఉన్న ఇరవై ముప్పై మందిలో ఒక్కడి మొహంలోనూ ఆశ్చర్యం లేదు, అందరికీ తెలుసు, నాకు తప్ప. నాన్న పోయిన ఏడుపు కూడా సరిగ్గా ఏడవలేదు నేను ఆ రోజు, కోపమా దుఃఖమా తెలీలేదు, అడుగుదామంటే ఆయన లేడు. అమ్మతో ఏడాది సరిగ్గా మాట్లాడలేదు.

కన్నవాళ్ళు కాదు అన్నది నన్ను బాధపెట్టలేదండీ. పెళ్ళిళ్ళలో మా అత్తలు నన్ను చూసి మాట మార్చిన సందర్భాలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి, అది బాధపెట్టింది. మీ పాపకి ఐదేళ్ళే, ఏమీ ఆలస్యం కాలేదు. కానీ లిఫ్టులో ఏ ఆంటీయో చెప్పకముందే మీరు చెప్పండి.

ఇంకో సంగతి, పెద్దయ్యాక తన మూలాల గురించి తెలుసుకోవాలనుకుంటే దారి ఉంది ఇప్పుడు, 18 నిండితే తనే అడగొచ్చు, అంతకుముందైతే మీతో కలిసి. కన్నవాళ్ళు ఇష్టపడకపోతే వాళ్ళ వివరాలు బయటికి రావు. నేను ఇంకా అడగలేదు. ఫైల్ కాగితాలు మాత్రం ఒక్కటి కూడా పారెయ్యకండి, అది మీ పాప ఆస్తి.

ఈసీఐఎల్ అన్న:
చెల్లె, మాది వేరే కథ, మేం ఆరేండ్ల పిలగాణ్ణి తెచ్చుకున్నం. వానికి మనం చెప్పుడేంది, వాడే మాకు చెప్తడు. అక్కడ పెద్ద వేపచెట్టు ఉండె, ఐతారం కోడిగుడ్డు పెడ్తుండె అని. మొదట్ల దిండు కింద చపాతీలు దాసుకునేటోడు. మా ఇంటామె పక్కబట్టలు దులిపితే ఎండిపోయిన ముక్కలు టపటప రాలినయి, ఆమె అట్లనే కింద కూసొని ఏడ్సింది. తిట్టలే మేము. ఒక స్టీలు డబ్బా ఇచ్చి ఇది నీది, ఇండ్ల బిస్కెట్లు ఎప్పుడూ ఉంటయి, ఎవ్వలం ముట్టం అని చెప్పినం. రోజుకు పదిసార్లు మూత తీసి చూసుకునేది. నాలుగు నెలలకు ఆ డబ్బాల గోటీలు పెట్టుకున్నడు, గప్పుడు మాకు జెర ఊపిరి ఆడింది. నాన్న అని పిల్వనీకి ఇంకా ఎక్కువ పట్టింది, అంకుల్ అంకుల్ అనేది, క్రికెట్ చూస్తుంటే వికెట్ పడ్డది, ఆ జోష్‌ల నాన్నా అన్నడు, మేమిద్దరం టీవీ దిక్కే చూస్తున్నట్టు కూసున్నం, గుర్తు చేస్తే మళ్ళ అనడేమో అని భయం.

ఫొటో ముచ్చటకొస్తే వానికి ఆరేండ్లలోపల ఒక్కటే ఉంది, అదీ ఆఫీసు ఫైల్ల. స్కూల్ల అడిగితే వాడు వేపచెట్టు బొమ్మ గీసిండు.

మణికొండ జంట:
మధ్యలో వస్తున్నందుకు సారీ. మేం ఇంకా మొదలుపెట్టలేదు, నాకు 41, ఆయనకి 43. యూసుఫ్‌గూడలో ప్రభుత్వం పసిపిల్లల్ని ఉంచే శిశువిహార్‌కి నేరుగా వెళ్ళి అడగొచ్చా? తెలిసినాయన ఒకరు ఎవరో నర్సమ్మ ద్వారా తొందరగా ఇప్పిస్తానంటున్నారు.

బఠానీల బుట్ట:
ఆ నర్సమ్మ దారి వద్దే వద్దు తల్లీ, బిడ్డని కొన్నా అమ్మినా ఐదేళ్ళ దాకా జైలు, లక్ష జరిమానా, అంతకుమించి రేపు ఎవరో వచ్చి నా బిడ్డ అంటే ఏం చేస్తారు. సరైన దారిలో అయితే కన్నతల్లి రాసిచ్చినా మనసు మార్చుకోడానికి రెండు నెలలు టైమిస్తారు, ఆ తర్వాతే దత్తతకి పెడతారు. శిశువిహార్ అయినా ఇంకోటయినా నేరుగా వెళ్తే ఇవ్వరు, అంతా కారా పోర్టల్‌లోనే, రిజిస్టర్ అయితే హోమ్ స్టడీకి వస్తారు, ఆ తర్వాత లైన్‌లో ఉండటమే, చిన్నపిల్లలు కావాలంటే ఏళ్ళు పడుతుంది. మీ ఇద్దరి వయసు కలిపితే 84, రెండేళ్ళలోపు బిడ్డకి 85 దాటకూడదు, కాబట్టి ఈ వారమే రిజిస్టర్ చేసుకోండి, పెళ్ళయి రెండేళ్ళయితే చాలు. మా అప్పుడు దత్తత ఆర్డర్ కోసం కోర్టు చుట్టూ తిరిగి చెప్పులరిగాయి, 2022 సెప్టెంబర్ నుంచి కలెక్టరే ఇస్తున్నారు. ఇంటికొచ్చాక కూడా రెండేళ్ళపాటు ఆర్నెల్లకోసారి వచ్చి చూసి వెళ్తారు, వాళ్ళొచ్చినప్పుడు ఇల్లు సర్దకండి, మేం సర్ది సర్ది చచ్చాం, ఆవిడ వంటింట్లో నిలబడే టీ తాగి వెళ్ళిపోయింది.

నిజాంపేట్ అమ్మ:
అందరికీ చాలా థాంక్స్ అండీ. చీకటి మావిడి గారూ, మీది ఆయనకి చదివి వినిపించా. ఏమీ అనలేదు, లేచి వెళ్ళి ఆ రిఫరల్ ఫొటో ప్రింట్ తీయించుకొచ్చారు. అత్తయ్యగారు మాత్రం ఇంకా మూతి ముడుచుకునే ఉన్నారు.

మంగళవారం రాత్రి ముగ్గురం కింద కూర్చుని ఛార్టు చేశాం. నువ్వు నా పొట్టలో లేవు, వేరే అమ్మ పొట్టలో ఉన్నావు, తర్వాత మేం వచ్చి తెచ్చుకున్నాం అని చెప్పా, గొంతు పట్టేసింది, బఠానీల బుట్ట గారన్నట్టే. "మరి నాన్న పొట్టలో?" అంది, ఆయన పొట్ట చూసి సందేహమొచ్చినట్టుంది. తర్వాత చాలాసేపు ఫొటో చూసి, ఈ గాజుల చెయ్యి ఎవరిది, ఆ అమ్మదా అని అడిగింది. కాదు, నిన్ను అక్కడ చూసుకున్న ఒక ఆంటీ అయ్యుంటుంది, పేరు నాకు తెలీదు అన్నా. గమ్ పూసి అంటించబోతే ఆపింది. చెయ్యి పోతుంది, కట్ చెయ్యకు అంది. నేను కట్ చెయ్యట్లేదే, అంచు సరిచేస్తున్నా అంతే అన్నా. అయినా వద్దంటే వద్దని తనే అంటించుకుంది, కాస్త వంకరగా, చేత్తో సహా. పక్కన ఆకుపచ్చ క్రేయాన్‌తో ఇంకో రెండు గాజులు గీసింది.