వర్తూరు దగ్గర అనుమతి లేని మట్టి పనులు: ఫిర్యాదు ఎవరికి చేయాలి?

అందరికీ నమస్కారం. మేము బెంగళూరులో వర్తూరు వైపు ఉంటున్నాం. మా లేఅవుట్ పక్కన ఖాళీ స్థలంలో రాత్రిపూట జేసీబీలు పెట్టి నేల చదును చేస్తున్నారు. అనుమతి బోర్డు ఎక్కడా లేదు. టిప్పర్ల మీద టార్పాలిన్ కూడా కప్పడం లేదు. దుమ్ముతో మా అత్తయ్యగారికి ఆయాసం పెరిగింది.

అంతకన్నా పెద్ద భయం రాజకాలువ (వాననీటిని చెరువుకి చేర్చే పెద్ద కాలువ) గురించి. తవ్విన మట్టంతా దాని గట్టు మీదే పోశారు. ఒక్క గట్టి వాన పడితే అది కాలువలోకి జారుతుంది, అక్కడి నుంచి చెరువులోకి. కాలువ పూడితే నీళ్లు పల్లపు ఇళ్లలోకే వస్తాయి. 2022 వరదలు చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

స్థానిక ఆఫీసులో అడిగితే రెవెన్యూ వాళ్ల దగ్గరికి వెళ్లమన్నారు, వాళ్లేమో కాలుష్యం తమ పని కాదన్నారు. 2025 సెప్టెంబరులో బీబీఎంపీ (బెంగళూరు మహానగర పాలిక) స్థానంలో ఐదు కార్పొరేషన్లు వచ్చాక ఎవరి పరిధి ఏదో మాకు తెలియడం లేదు.

ఇలాంటి పని ఆపించినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ముందుగా తూర్పు కార్పొరేషన్‌కి రాయాలా, కాలుష్య నియంత్రణ మండలికా, తహసీల్దారుకా? మట్టి తరలింపుకి గనుల శాఖ పర్మిట్ ఉందో లేదో ఆర్టీఐ కింద అడగవచ్చా? ఫొటోలు, వీడియోలు తేదీలతో సహా ఉన్నాయి. కన్నడలో ఫిర్యాదు రాయడానికి ఎవరైనా సాయం చేస్తే మేలు మరచిపోం. వానలు మొదలయ్యేలోపే ఏదో ఒకటి చేయాలి.